అప్‌డేట్ పడ్డాక ఫోన్ మొరాయిస్తోందా? రీసెట్ దాకా పోకుండా బాగుచేసుకునే దారి

"నానేటీ ముట్టనేదు బాబూ. రాత్రి బాగానే ఉంది, తెల్లారి సూస్తే ఇలగైపోనాది." శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, ఏ మొబైల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఎవరో ఒక పెద్దావిడ నోట ఈ మాట చెవిన పడుతుంది. ఆ పెద్దావిడ చెప్పేది నిజమే. ఆవిడ ఏదీ ముట్టుకోలేదు. రాత్రి ఛార్జింగ్‌లో ఉండగా ఫోనే తనంతట తాను మారింది. షాపులో మాత్రం చాలాసార్లు ఒకటే జవాబు దొరుకుతుంది: "రీసెట్ కొట్టేద్దాం." దాంతో మనవడి ఫొటోలు, వాట్సాప్ మాటలు, బ్యాంకు యాప్‌లు అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. రెండు రోజులు తిరిగితే గానీ యూపీఐ మళ్లీ దారిలో పడదు. ఇంతా చేస్తే అసలు జబ్బు ఒక చిన్న స్విచ్ దగ్గర ఉండి ఉండవచ్చు.

అందుకే మరమ్మతు మొదలుపెట్టే ముందు ఏం మారిందో పట్టుకోవాలి. కింద చెప్పినవన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మెనూ పేర్లు కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతాయి. సెట్టింగ్స్ తెరిచి పైనున్న వెతుకు పెట్టెలో ఆ పేరు కొట్టడం అన్నిటికన్నా తేలిక. మెనూల్లో మునిగి తేలక్కర్లేదు.

ఏది మారింది?

ఫోన్‌లోకి మార్పు నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటిది కంపెనీ పంపే సిస్టమ్ అప్‌డేట్. ఇది పడితే ఫోన్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది. సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్", అందులో "ఆండ్రాయిడ్ వెర్షన్" నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ, బిల్డ్ నంబరు కనిపిస్తాయి. ఆ తెరను ఇప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూసుకోవచ్చు.

రెండోది ప్లే స్టోర్ నుంచి వచ్చే యాప్ అప్‌డేట్. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి, "మేనేజ్ యాప్స్ అండ్ డివైస్"లోకి వెళ్లి, "మేనేజ్" పేజీలో జాబితాను "రీసెంట్లీ అప్‌డేటెడ్" వరుసలో పెట్టండి. నిన్న రాత్రి ఏవేవి మారాయో పైనుంచి కిందకు వరసగా కనిపిస్తాయి. చాలామందికి ఈ పేజీ ఉందనే తెలియదు. నన్నడిగితే సగం చిక్కుముడులు ఇక్కడే విడిపోతాయి.

మూడోది గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ లోపలి కొన్ని భాగాలను కంపెనీతో పని లేకుండా గూగులే నేరుగా మారుస్తోంది. దీని తేదీ కూడా సెట్టింగ్స్‌లో విడిగా ఉంటుంది.

నాలుగోది కంటికి కనబడదు. యాప్ ఎప్పుడో అప్‌డేట్ అయి ఉంటుంది, కొత్త రూపం మాత్రం లోపల నిద్రపోతూ ఉంటుంది. యాప్ వాళ్లు తమ వైపు నుంచి స్విచ్ వేసిన రోజున అది బయటపడుతుంది. 2025 ఆగస్టులో జరిగింది అదే. గూగుల్ ఫోన్ యాప్ వాడే లక్షలమందికి కాల్ వచ్చే తెర రాత్రికి రాత్రి మారిపోయింది. బటన్లు పెద్దవయ్యాయి. కిందినుంచి పైకి తోసి ఎత్తే అలవాటున్న వాళ్లకు అడ్డంగా తోయాల్సి వచ్చింది. ఫోన్ హ్యాక్ అయిందని భయపడినవాళ్లున్నారు, కంపెనీని తిట్టినవాళ్లున్నారు. సిస్టమ్ అప్‌డేట్‌తో దానికి సంబంధమే లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ తెరతో ఇబ్బంది పడుతుంటే ఇలా చెయ్యండి. ఫోన్ యాప్ తెరిచి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. "ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్" అని ఉంటుంది. అందులో అడ్డంగా తోయడం, ఒక్కసారి నొక్కడం అని రెండు దారులుంటాయి. వేళ్లు వణికేవాళ్లకు, పొలం పనులతో వేళ్లు గరుకెక్కినవాళ్లకు ఒక్కసారి నొక్కే పద్ధతే మేలు. పాత రూపమే కావాలంటే ఫోన్ యాప్ గుర్తు మీద వేలు నొక్కి ఉంచి, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, మూల మూడు చుక్కల్లో "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" కొట్టండి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో అదే యాప్ పేజీకి వెళ్లి, మూడు చుక్కల్లో "ఎనేబుల్ ఆటో అప్‌డేట్" దగ్గర టిక్ తీసెయ్యండి. ఇది చెయ్యకపోతే రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. ఇది శాశ్వత వైద్యం కాదని కూడా తెలుసుకోండి. పాత రూపంలోనే ఏళ్ల తరబడి ఉండిపోతే భద్రతా సవరణలు అందవు. కొత్త తెర అలవాటయ్యేదాకా గడువు తెచ్చుకోవడం వరకే దీని పని.

అప్‌డేట్ పెట్టే ముందు

తొందర పడకండి. భద్రతా ప్యాచ్ (లోపాలు పూడ్చే చిన్న అప్‌డేట్) అయితే వారంలోపు పెట్టేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ అంకె మారే పెద్ద అప్‌డేట్ అయితే రెండు మూడు వారాలు ఆగండి. మీ మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో చూసి, మొదటి సవరణ ప్యాచ్ వచ్చాక పెట్టుకోవడం నా పద్ధతి.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యం. గ్రామ సచివాలయంలో పనిచేసేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకటో తారీకున తెల్లవారకుండానే పింఛన్లు పంచడానికి బయల్దేరాలి. ముప్ఫయ్యో తారీకు రాత్రి సిస్టమ్ అప్‌డేట్ పెట్టుకుంటే పొద్దున్నే వేలిముద్ర యంత్రం పలకకపోవచ్చు. అప్పుడు చూడాల్సినవి మూడు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఓటీజీ (ఫోన్‌కు బయటి యంత్రాన్ని తగిలించుకునే ఏర్పాటు) స్విచ్ విడిగా ఉంటుంది, కాసేపు వాడకపోతే తనంతట తనే ఆగిపోతుంది, ముందు దాన్ని వెయ్యండి. తర్వాత ఆ యంత్రాన్ని ఫోన్‌తో కలిపి నడిపించే ఆర్‌డీ సర్వీస్ యాప్‌కు అప్‌డేట్ ఉందేమో ప్లే స్టోర్‌లో చూడండి. ఆఖరున యంత్రాన్ని తీసి మళ్లీ గుచ్చి, ఫోన్ అనుమతి అడిగినప్పుడు "ఎప్పుడూ వాడు" అన్న గడిలో టిక్ పెట్టి ఒప్పుకోండి. ఈ మూడూ చూడకుండా యంత్రం పోయిందనుకుని మండల కేంద్రానికి పరుగెత్తకండి.

ఇక చోటు సంగతి. భద్రతా ప్యాచ్ కొన్ని వందల ఎంబీ ఉంటుంది. పెద్ద అప్‌డేట్ రెండు మూడు జీబీ దాకా పోతుంది. దాన్ని విప్పి పరచుకోవడానికి ఇంకొంత చోటు కావాలి. ఆరేడు జీబీ ఖాళీ లేనిదే పెద్ద అప్‌డేట్ జోలికి పోకండి. చోటు తినేది ఎక్కువగా వాట్సాప్. దాని సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా", అందులో "మేనేజ్ స్టోరేజ్" తెరిస్తే 5 ఎంబీ దాటిన వీడియోలు ఒకచోట, పదేపదే ఫార్వర్డ్ అయినవి ఒకచోట ఉంటాయి. శుభోదయం బొమ్మలు, పైడితల్లి సిరిమానోత్సవం వీడియో ఒకటే పది గ్రూపుల నుంచి పదిసార్లు... తీసెయ్యండి, అమ్మవారేమీ అనుకోరు. ఫొటోలు తీసేసినా చోటు పెరగలేదంటే అవి చెత్తబుట్టలో ఉన్నాయన్నమాట. గూగుల్ ఫొటోస్ చెత్తబుట్టలో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి. దాన్నీ ఖాళీ చెయ్యాలి.

బ్యాకప్ విషయంలో రెండే మాటలు. వాట్సాప్‌లో "చాట్స్", "చాట్ బ్యాకప్"కు వెళ్లి చివరి బ్యాకప్ తేదీ చూడండి. అది ఆరు నెలల కిందటిదైతే బ్యాకప్ లేనట్టే. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది. ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోకే లెక్కొస్తుంది.

డౌన్‌లోడ్ ముందుకు కదలకపోతే

మన దగ్గర చాలామందివి రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకులు. మూడు జీబీల అప్‌డేట్ ఒక్కరోజు డేటాలో పట్టదు. ప్యాక్ అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతే ఒక్క జీబీ దిగడానికే దాదాపు 35 గంటలు పడుతుంది. ఫోన్ పాడైందనుకుని తలపట్టుకునేది ఇక్కడే. రాత్రి పదకొండున్నరకు మొదలుపెట్టండి. మిగిలిన ఈ రోజు డేటా కొంత లాగుతుంది, పన్నెండు దాటగానే కొత్త రోజు డేటా అందుకుంటుంది. మధ్యలో ఆగినా మొదటికి పోదు, ఆగిన చోటినుంచే సాగుతుంది.

వైఫై ఉంటేనే దించుతానని మొండికేసే ఫోన్లుంటాయి. ఇంట్లో ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ వేసి ఇచ్చినా కదలకపోతే, ఆ హాట్‌స్పాట్‌ను మీ ఫోన్ "మీటర్డ్" (డేటా ఆచితూచి వాడాల్సిన నెట్) కింద లెక్కేస్తోందన్నమాట. వైఫై సెట్టింగ్స్‌లో ఆ పేరు పక్కనున్న గేరు నొక్కి "అన్‌మీటర్డ్" అని మార్చండి.

ఛార్జి సగానికి పైన ఉండాలి. ఫోన్ వేడిగా ఉండకూడదు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులోనో, పలాస జీడిపప్పు బట్టీల దగ్గరో అప్‌డేట్ పెట్టి "కావట్లేదు" అంటే అది ఫోన్ తప్పు కాదు. చల్లబడ్డాక పెట్టండి.

అన్నీ సరిగా ఉన్నా "ఇన్‌స్టాలేషన్ ఫెయిల్డ్" అంటుంటే తేదీ, సమయం చూడండి. "ఆటోమేటిక్" అని ఉండాలి. తేదీ తప్పుగా ఉన్న ఫోన్‌ను సర్వర్లు నమ్మవు. అప్‌డేట్ అవ్వదు, బ్యాంకు యాప్ కూడా తెరుచుకోదు. అప్పటికీ కాకపోతే దిగిన ఫైలును తీసేసి, ఫోన్ ఒకసారి ఆపి తిరిగి ఆన్ చేసి, మళ్లీ మొదటినుంచి దించండి.

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందని అడుగుతుంటారు. ఫోన్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. పైగా 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో కొత్త పద్ధతి ఉంది. మీరు ముందు గదిలో కాపురం ఉండగానే వెనక గదికి సున్నం వేసి సిద్ధం చేసినట్టు, పాత సిస్టమ్ నడుస్తుండగానే కొత్తది పక్కన తయారవుతుంది. రీస్టార్ట్‌లో అటు మారుతుంది. కొత్తది లేవలేకపోతే పాతదానికే తిరిగొస్తుంది. పాత పద్ధతి ఫోన్లు మాత్రం నల్ల తెర మీద శాతం చూపిస్తూ కూర్చుంటాయి. ఆ సమయంలో పవర్ బటన్ నొక్కొద్దు. అరగంట పట్టినా ఆగండి.

పెట్టాక మొదటి మూడు రోజులు

ఫోన్ వేడెక్కుతుంది. బ్యాటరీ గబగబా దిగుతుంది. కాస్త మందగిస్తుంది. ఇది జబ్బు కాదు. లోపల యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ సర్దుకుంటోంది, ఫొటోల జాబితా తిరిగి రాసుకుంటోంది. రెండు మూడు రాత్రులు నిండా ఛార్జింగ్‌లో ఉంచండి. ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి. ప్లే స్టోర్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేసుకోండి, ఎందుకంటే కొత్త సిస్టమ్‌కు సరిపడే మార్పులు యాప్‌ల వాళ్లు అప్పుడే పంపుతుంటారు.

నాలుగో రోజుకూ తగ్గకపోతే అప్పుడు సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం పేజీ చూడండి. ఏదో ఒక్క యాప్ మిగతావాటిని మించి తినేస్తుంటే దొంగ దొరికినట్టే.

ఒక్క యాప్ మాత్రమే మూతపడుతుంటే

ఈ వరస తప్పకండి. ముందు యాప్ ఇన్ఫోలో "ఫోర్స్ స్టాప్". తర్వాత "స్టోరేజ్"లో "క్లియర్ క్యాష్". ఆ తర్వాత ప్లే స్టోర్‌లో అప్‌డేట్. ఇవేవీ పనిచెయ్యకపోతేనే "క్లియర్ డేటా".

క్యాష్ అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు, అవి తీస్తే ఏమీ పోదు. డేటా తీస్తే యాప్ కొత్తగా వేసుకున్నట్టే. బ్యాంకు, యూపీఐ యాప్‌లకు డేటా తీశారంటే మళ్లీ నమోదు చేసుకోవాలి. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, ఆ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రీఛార్జి అయిపోయి ఇన్‌కమింగ్‌కే పనికొచ్చే సిమ్ అయితే అక్కడే ఆగిపోతుంది. కొత్తగా నమోదైన తొలి 24 గంటలు పంపే సొమ్ము మీద పరిమితి కూడా ఉంటుంది. ఆసుపత్రికో, ఎరువులకో డబ్బు కట్టాల్సిన రోజు ఈ పని పెట్టుకోకండి. వాట్సాప్‌కు డేటా తీస్తే బ్యాకప్ లేని మాటలన్నీ గోవిందా.

ఒకటి కాదు, నాలుగైదు యాప్‌లు ఒకేసారి తెరుచుకుంటూనే మూతపడుతుంటే ఆ యాప్‌ల తప్పు కాదు. 2021 మార్చిలో ప్రపంచమంతటా ఇలాగే జరిగింది. జీమెయిల్ దగ్గర్నుంచి బ్యాంకు యాప్‌ల దాకా కూలాయి. కారణం "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ" అనే ఒక లోపలి భాగానికి వచ్చిన చెడ్డ అప్‌డేట్. యాప్ లోపల వెబ్ పేజీలు చూపించే పని దానిది. అలాంటి రోజున ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూ, క్రోమ్ రెండూ అప్‌డేట్ చెయ్యండి. కొత్తది ఇంకా రాకపోతే వెబ్‌వ్యూ అప్‌డేట్లను అన్‌ఇన్‌స్టాల్ చేసి ఆగండి. ఇలాంటి జబ్బుకు ఫోన్ రీసెట్ చేసుకోనక్కర్లేదు.

సిగ్నల్, కాల్స్, నెట్

ఇది మన జిల్లాలకు కాస్త ప్రత్యేకం. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఉండేవాళ్లకు ఒడిశా టవర్లు దగ్గర. ఫోన్ అటు తగులుకుంటే రోమింగ్‌లో ఉన్నాననుకుంటుంది, పైన చిన్న "ఆర్" గుర్తు పడుతుంది. అప్‌డేట్‌లోనో, నెట్‌వర్క్ రీసెట్‌లోనో "డేటా రోమింగ్" స్విచ్ ఆగిపోయి ఉంటే కాల్స్ వస్తాయి గానీ నెట్ రాదు. సొంత ఊళ్లో కూర్చుని రోమింగ్ వెయ్యడమేమిటని ఎవరికీ తట్టదు. వేసి చూడండి. దేశం లోపలి రోమింగ్‌కు మామూలు ప్యాకులో వేరే డబ్బు పడదు. అలాగే నెట్‌వర్క్ ఎంపిక "ఆటోమేటిక్"లో ఉందో లేదో చూసుకోండి.

కాల్ మాట్లాడుతుంటే నెట్ ఆగిపోవడం, అసలు కాల్సే పోకపోవడం అయితే "వోల్టీ" (4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) స్విచ్ చూడండి. సిమ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో అది ఆగితే మాటే పలకదు. నెట్ మాత్రమే రాకపోతే సిమ్ సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కు దారి చూపే వివరాలు) పేజీకి వెళ్లి మూడు చుక్కల్లో "రీసెట్ టు డిఫాల్ట్" కొట్టండి. ఏజెన్సీ ఊళ్లలో, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్‌ను 5జీ మీద వదిలేస్తే అది ఒకటే వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. 4జీకి మార్చేస్తే రెండు బాధలూ తీరతాయి.

ఇవేవీ కాకపోతే "రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్" ఉంది. ఇందులో ఫొటోలు, యాప్‌లు ఏవీ పోవు. వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు మాత్రం పోతాయి.

చడీచప్పుడు లేకుండా మారిపోయేవి

ఇంట్లో అమ్మానాన్నల ఫోన్ అప్‌డేట్ అయ్యాక పది నిమిషాలు కూర్చుని ఇవి చూసిపెట్టండి.

తుపాను హెచ్చరికలు అన్నిటికన్నా ముందు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కనే తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. 2023లో దేశమంతటా పరీక్షగా ఫోన్లు ఒక్కసారిగా పెద్ద మోత మోగాయి గుర్తుందా? ఆ హెచ్చరిక ఇంటర్నెట్ లేకున్నా టవర్ నుంచి నేరుగా వస్తుంది. చాలామంది ఆ మోతకు జడిసి స్విచ్ ఆపేశారు. సెట్టింగ్స్‌లో "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" అని వెతికి అన్నీ వేసి ఉంచండి. భావనపాడు, కళింగపట్నం, పూసపాటిరేగ తీరాల్లో వేటకు పోయేవాళ్ల ఇళ్లలో ఇది తప్పనిసరి.

వాట్సాప్ సందేశం వచ్చినా మోగట్లేదంటే ఆ యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న ప్రతి యాప్ ఈ అనుమతి అడగాలి. అడిగినప్పుడు పెద్దవాళ్లు కంగారులో "వద్దు" నొక్కేసి ఉంటారు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇంకొకటి ఉంది. కొన్ని నెలలు వాడని యాప్‌కు ఇచ్చిన అనుమతులను ఫోనే వెనక్కి తీసుకుంటుంది. ఏడాదికోసారి తెరిచే యాప్ కెమెరా పనిచెయ్యట్లేదంటే ఇదే కారణం.

అక్షరాల సైజు, తెలుగు కీబోర్డు, "డు నాట్ డిస్టర్బ్" కూడా ఒకసారి చూడండి. లాక్ తెర మీద కొత్తగా వార్తలు, ప్రకటనలు మొలిచి ఉంటే లాక్ స్క్రీన్ లేదా వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో ఆపెయ్యవచ్చు. అప్‌డేట్ అయ్యాక మొదటి తెరల్లో "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోతే వచ్చే బహుమతి ఇది.

పిల్లలు చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటే వాట్సాప్ వీడియో కాల్‌లో తెర పంచుకునే గుర్తు వాడండి. 2023 నుంచి ఉంది. "ఓలమ్మా, ఆ పైనున్న గేరు నొక్కు, కిందకి జరుపు" అని చూస్తూ చెప్పవచ్చు. కన్నబిడ్డలతో తప్ప ఇంకెవరితోనూ ఈ పని చెయ్యకూడదు. కస్టమర్ కేర్ అంటూ ఫోన్ చేసి తెర చూపించమనేవాడు దొంగే. మీ ఓటీపీ వాడికి కనబడుతుంది.

ఫోన్ మొత్తం వంకర తిరిగితే

పవర్ బటన్ నొక్కితే వచ్చే తెరలో "పవర్ ఆఫ్" గుర్తు మీద వేలు నొక్కి ఉంచండి. "సేఫ్ మోడ్" అడుగుతుంది. అందులో ఫోన్‌తో వచ్చిన యాప్‌లే నడుస్తాయి. అక్కడ చక్కగా నడిచిందంటే మీరు వేసుకున్న యాప్‌లలో ఏదో తేడా ఉందని అర్థం. ఈ మధ్య వేసినవి ఒక్కోటీ తీసేసుకుంటూ రండి. లాంచర్లు (హోమ్ తెర రూపం మార్చే యాప్‌లు), క్లీనర్లు, థీమ్ యాప్‌లను ముందు అనుమానించండి. ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు నా లెక్కలో మందు కాదు, జబ్బే.

లోగో దగ్గరే ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంటే ముందు అరగంట ఛార్జింగ్ పెట్టి, పవర్ బటన్‌నూ వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ కలిపి పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచండి. అదీ కాకపోతే రికవరీ మెనూ. ఫోన్ ఆపి, పవర్‌తో పాటు వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో వస్తుంది. అక్కడ తెర తాకితే పనిచెయ్యకపోవచ్చు. వాల్యూమ్ బటన్లతో కదిలి, పవర్‌తో ఎంచుకోవాలి. "వైప్ క్యాష్ పార్టిషన్" ఉంటే అది చెయ్యండి, మీ డేటా ఏమీ పోదు. కొత్త ఫోన్లలో చాలావాటికి ఆ వరస ఉండదు. జాగ్రత్త, దాని పక్కనే "వైప్ డేటా" ఉంటుంది. ఒక్క మెట్టు తప్పితే ఇల్లంతా ఊడ్చేస్తుంది.

పాత ఆండ్రాయిడ్‌కు వెనక్కి వెళ్లాలనే ఆలోచన మానుకోండి. చాలా ఫోన్లు వెనక్కి పోనివ్వవు. బలవంతం చేస్తే లేవకుండా పడిపోతాయి.

ఇక రీసెట్ తప్పదంటే

మీ గూగుల్ ఖాతా ఈమెయిల్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకున్నాకే రీసెట్ చెయ్యాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి, రికవరీ మెనూలోంచి రీసెట్ చేసిన ఫోన్ పాత ఖాతా అడుగుతుంది. దొంగలకు అడ్డుకట్ట అది. మన ఊళ్లలో మాత్రం చాలామంది ఫోన్ కొన్నరోజున షాపు కుర్రాడు చేసిన ఖాతాతోనే నడిపేస్తుంటారు. ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ఫోన్ బాగున్న రోజునే పాస్‌వర్డ్ మార్చి రాసి పెట్టుకోండి.

షాపుకు ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసెయ్యండి. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పకండి, పరీక్షించడానికైనా సరే. కొన్ని ఫోన్లలో "మెయింటెనెన్స్ మోడ్" లేదా "రిపేర్ మోడ్" ఉంటుంది. అది వేసి ఇస్తే మెకానిక్‌కు మీ ఫొటోలు, సందేశాలు కనబడవు.

అప్‌డేట్ అయిన వెంటనే తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడితే సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకండి. తెరే మార్చాలి. గ్యారంటీ గడువు దాటినా సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఈ మోడల్‌కు ఉచితంగా తెర మారుస్తున్నారా అని అడగండి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు మార్చి ఇచ్చాయి. నోటిమాటగా కాదు, జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ ఇచ్చే రసీదు) మీద రాయించుకోండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. బిల్లు లేనిదే ఏ మాటా చెల్లదు కాబట్టి కొన్నరోజే బిల్లు ఫొటో తీసి ఉంచండి.

అప్‌డేట్ పేరుతో వచ్చే మోసం

నిజమైన సిస్టమ్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో రాదు, ఎస్సెమ్మెస్ లింకులో రాదు. ఆర్టీవో చలానా అని, పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని వచ్చే ఫైలు చివర "ఏపీకే" (.apk) అని ఉంటే అది ఫోన్‌లో వేసే యాప్ ఫైలు, నొక్కకుండా తీసెయ్యండి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా అంతే, ముందు వాళ్ల ఫోనే చిక్కి ఉంటుంది. ఒకవేళ నొక్కేశారా, వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు చేతులు మారేలోగా చెబితే నిలిపే వీలుంటుంది. ఆలస్యమైనకొద్దీ ఆ వీలు తగ్గుతుంది. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఫోన్‌ను రీసెట్ చెయ్యమనే చెబుతాను.

అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్, కొత్తది కొనేటప్పుడు

భద్రతా తేదీ రెండేళ్ల కిందట ఆగిపోయిన ఫోన్ ఉంటే పారెయ్యక్కర్లేదు. పాటలకు, పిల్లల పాఠాలకు పనికొస్తుంది. బ్యాంకు యాప్‌లు మాత్రం అందులోంచి తీసెయ్యండి. 2025 జనవరిలో వాట్సాప్ ఆండ్రాయిడ్ 5.0 కన్నా పాత ఫోన్లలో పనిచెయ్యడం మానేసింది. మరీ పాత ఫోన్‌లో అది ఆగిపోతే చేసేదేమీ లేదు.

కొత్తది కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్లకన్నా ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లని అడగండి. 2023 నాటి పిక్సెల్ 8కు, 2024 నాటి శాంసంగ్ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామన్నారు. చవక ఫోన్లకు రెండేళ్లే ఉండొచ్చు. ఇక్కడ ఒక కిటుకుంది. ఆ ఏళ్లు లెక్కయ్యేది మామూలుగా ఆ మోడల్ బజారులోకి వచ్చిన రోజు నుంచి గానీ, మీరు కొన్న రోజు నుంచి కాదు. దసరా ఆఫర్‌లో సగం ధరకు వస్తున్న ఫోన్ రెండేళ్ల కిందటి మోడలైతే, నాలుగేళ్ల అప్‌డేట్లలో మీకు మిగిలేది రెండే. డబ్బు కట్టేముందు ఆ మోడల్ ఏ నెలలో విడుదలైందో కౌంటర్ దగ్గరే మీ ఫోన్‌లో వెతికి చూసుకోండి. షాపువాడు ముఖం చిట్లించినా పర్వాలేదు.